చిన్న డీజిల్ ఇంజన్‌కు ఎంత టర్బో?

మే నెల మధ్యాహ్నం చిట్యాల దగ్గర విజయవాడ హైవే పక్కన నిలబడి కళ్లు మూసుకుంటే చాలు, లోడు లారీలు చెవికి ఒక్కొక్కటే పట్టుబడతాయి. ముందు టైర్ల చప్పుడు, దాని మీద ఇంజన్ హోరు, ఆ హోరు అడుగున సన్నని ఈల. డ్రైవర్ గేరు మార్చగానే ఈల తెగుతుంది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే లేస్తుంది. ఆ ఈల టర్బోది.

జడ్చర్ల దగ్గర బెంగళూరు హైవే మీద వినిపించేదీ అదే. దేవరకొండ వైపు అర్ధరాత్రి నల్లరాయిలో బోరు దించే రిగ్గు కంప్రెసర్‌లోనూ, మిర్యాలగూడ ఆయకట్టులో వరి కోసే చైన్ మిషన్‌లోనూ అదే ఈల. పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు కార్ల రేసులకు పేరున్నవి కావు. టర్బోలకు మాత్రం కొదవ లేదు. వాటిని విప్పి, కడిగి, మళ్లీ బిగించే చేతులకూ కొదవ లేదు. రేసు ఇంజన్ గురించి ఈ నేల మీద మాట్లాడటానికి ఆ చేతులే ఆధారం.

మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడి చేతికి ఒక పాత డీజిల్ స్విఫ్ట్ ఇంజన్ దొరికిందనుకుందాం. దాన్ని రేసుకు తయారు చేయాలని కోరిక. అతడు ముందుగా అడిగే ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు: “పెద్ద టర్బో పెడితే పవర్ ఎక్కువ వస్తది కదన్నా?” రాదు. వచ్చినా, అవసరమైన చోట రాదు. చిన్న డీజిల్ ఇంజన్ విషయంలో జరిగే పొరపాట్లన్నింటిలోకీ ఖరీదైనది ఇదే.

జాతరల్లో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఎద్దుల జతను ఎంచేవాడు ఒట్టి ఎత్తూ లావూ చూసి మురిసిపోడు. బండ కదిలే ఆ మొదటి గుంజుడు చూస్తాడు, తర్వాత ఆ ఊపు ఎంతదూరం నిలుస్తుందో చూస్తాడు. టర్బోను చూడాల్సిందీ ఈ రెండు కళ్లతోనే. ఎంత తొందరగా లేస్తుంది, లేచాక ఎంతవరకు ఊదగలదు.

టర్బో నిర్మాణం చిత్రంగా ఉంటుంది గానీ చిక్కుగా ఉండదు. ఒక ఇరుసు, దాని రెండు చివర్లా రెండు చక్రాలు. ఇంజన్ బయటికి కక్కే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఇరుసు మీదే ఉన్న రెండో చక్రం బయటి గాలిని పీల్చి, కుదించి, సిలిండర్లలోకి తోస్తుంది. వృథాగా పోయే పొగతోనే పని చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కారు టర్బోలో గాలి చక్రం రెండు అంగుళాల వ్యాసం కూడా ఉండదు, గుప్పిట్లో పట్టేస్తుంది. కానీ తిరిగే వేగం నిమిషానికి రెండు లక్షల చుట్లు. నాలుగున్నర సెంటీమీటర్ల చక్రం ఆ వేగంతో తిరిగితే దాని అంచు సెకనుకు 470 మీటర్లు పోతుంది. ధ్వని వేగం సెకనుకు 350 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే గుప్పిట్లో పట్టే ఆ చక్రం అంచు శబ్దాన్ని మించి పరుగెడుతోందన్న మాట. దాన్ని మోసేది బాల్ బేరింగు కూడా కాదు, చాలా టర్బోల్లో వెంట్రుక మందం నూనె పొర.

ఇక ఇంజన్ సంగతి. స్విఫ్ట్ డీజిల్ 2007 జనవరిలో మన మార్కెట్లోకి వచ్చింది. అందులోది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల మల్టీజెట్, అసలు కొలత 1248 సీసీ. మారుతి, టాటా, ఫియట్, షెవర్లే ఇలా నాలుగైదు కంపెనీల కార్లలో ఇదే ఇంజన్ తిరిగింది. అందుకే ఆటోమొబైల్ పత్రికలవాళ్లు దీన్ని సరదాగా జాతీయ ఇంజన్ అనేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లు అమ్మడం మానేసింది. పాత బళ్లు మాత్రం ట్యాక్సీలుగా, సొంత కార్లుగా ఇంకా ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి.

టర్బో ఎంపిక నేర్చుకునేవాడికి ఈ ఇంజన్‌ను మించిన పాఠం లేదు. ఎందుకంటే ఫ్యాక్టరీవాళ్లే ఒకే ఇంజన్‌కు రెండు రకాల టర్బోలు పెట్టి అమ్మారు. స్విఫ్ట్‌లో ఉన్నది మామూలు టర్బో. 75 హార్స్‌పవర్, 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్. ఎస్ఎక్స్4, ఎర్టిగా లాంటి బళ్లలో అదే 1248 సీసీకి 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు, అదీ 1750 ఆర్‌పీఎం దగ్గరే. సిలిండర్లు పెరగలేదు, ఇంజన్ పెరగలేదు. ముఖ్యంగా మారింది టర్బో, దానికి తగ్గట్టు డీజిల్ పంపే తీరు. పవర్ పెరిగిందంటే ఎవరైనా నమ్ముతారు. కానీ టార్క్ ఇంకా కింది ఆర్‌పీఎంలోనే అందిందన్నది గమనించాల్సిన సంగతి. పైనా కిందా రెండూ కలిసొచ్చాయి.

అదెలా సాధ్యమైంది? మామూలు టర్బోలో పొగ పోయే దారి వెడల్పు మారదు. 90 హార్స్‌పవర్ రకంలో పొగ చక్రం చుట్టూ చిన్న చిన్న రెక్కలుంటాయి, అవి అటూ ఇటూ తిరుగుతాయి. చెరువు తూము షట్టరు తలుచుకుంటే ఇది బోధపడుతుంది. నీళ్లు తక్కువున్నప్పుడు షట్టరు కాస్తే ఎత్తితే సందులోంచి నీళ్లు జోరుగా చిమ్ముతాయి, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పూర్తిగా ఎత్తేయాలి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ రెక్కలు దారిని ఇరుకు చేస్తాయి, పొగ జోరందుకుని చక్రాన్ని తిప్పుతుంది. ఇంజన్ జోరందుకున్నాక రెక్కలు తెరుచుకుంటాయి. పాత స్విఫ్ట్ నడిపినవాళ్లు 2000 ఆర్‌పీఎం లోపు బండి మొరాయించడం, తర్వాత ఒక్కసారిగా ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉరకడం ఎరిగే ఉంటారు. “కొంచెం ఆగి గుంజుతది” అనేది ఆ లక్షణానికే. రెక్కల టర్బో ఆ ఆగుడును బాగా తగ్గించింది. దానికీ ఒక జబ్బుంది. మసి పేరుకుంటే రెక్కలు పట్టేస్తాయి.

కాగితం, పెన్సిల్ దగ్గరున్నవాళ్లు ఇక్కడ నాలుగు అంకెలు రాసుకోవచ్చు. మన కుర్రాడు ఈ ఇంజన్ నుంచి 100 హార్స్‌పవర్ అడుగుతున్నాడనుకుందాం. అత్యాశేమీ కాదు. ఫ్యాక్టరీ 90 ఇచ్చినచోట 100 అడగడం న్యాయమైన కోరికే.

లెక్క టర్బోతో మొదలుపెట్టకూడదు, గాలితో మొదలుపెట్టాలి. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజన్, రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి రెండు వేల సార్లు, సారికి లీటరుంబావు చొప్పున 2500 లీటర్లు. సిలిండరు నూటికి నూరు పాళ్లు నిండదు, తొంభై పాళ్లు నిండుతుందంటే 2250 లీటర్లు. అంటే రెండుంబావు ఘనపు మీటర్లు.

ఇక ఈ గాలి బరువెంత? ఇక్కడే మన జిల్లాలు లెక్కలోకి దిగుతాయి. నల్గొండ సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్లకు పైన, మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఎండకు మరీ పలచబడుతుంది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. పుస్తకాల్లో ఉండే అంకె అదే. నల్గొండలో మే నెలలో 45 డిగ్రీల ఎండకు అదే ఘనపు మీటరు 1.05 కిలోలే తూగుతుంది. ప్రతి ఏడు కిలోలకూ ఒక కిలో మాయం. పుస్తకంలో అంకెతో టర్బో కొన్నవాడు ఆ కిలోను ఎక్కడ వెతుక్కోవాలి?

డీజిల్ వైపు నుంచి చూద్దాం. 100 హార్స్‌పవర్ అంటే 73.5 కిలోవాట్లు. ఇలాంటి ఇంజన్ కిలోవాట్‌కు గంటకు పావు కిలో డీజిల్ తాగుతుందనుకుంటే గంటకు 18 కిలోల పైచిలుకు. నల్ల పొగ కక్కకుండా మండాలంటే కిలో డీజిల్‌కు 20 కిలోల గాలి కావాలి. లెక్క కడితే నిమిషానికి 6.1 కిలోల గాలి. టర్బో లేకుండా ఇంజన్ తనంతట తాను పీల్చేది 2.4 కిలోలు కూడా లేదు. మిగతాదంతా టర్బో కుక్కి పెట్టాల్సిందే.

కుదించిన గాలి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక 60 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. ఫిల్టర్ దగ్గరా, పైపుల్లోనూ కాస్త ఒత్తిడి పోతుంది. అదంతా కలుపుకుంటే, బయటి గాలి ఒత్తిడిని టర్బో 2.85 రెట్లు చేయాలి. ఇదే 100 హార్స్‌పవర్‌ను చెన్నైలో 35 డిగ్రీల పూట అడిగితే 2.6 రెట్లు చాలు. అదే ఇంజన్, అదే టర్బో. నల్గొండలో పరీక్ష చేసేటప్పుడు ఆ చిన్న చక్రం మరింత వేగంగా తిరగాలి. దాని హద్దు దగ్గరే ఉంటే ఇక్కడే విరుగుతుంది.

75 హార్స్‌పవర్‌కు నల్గొండలో 2.15 రెట్లు సరిపోతుందని కూడా ఈ లెక్కే చెబుతుంది. పాత స్విఫ్ట్ టర్బోతోనే, కంప్యూటర్‌లో అంకెలు మార్చి, డీజిల్ ఎక్కువ పోయించి 100 రాబట్టాలని చూసేవాళ్లున్నారు. 2.15 రెట్ల పనికి తగిన చక్రాన్ని 2.85కు తరిమితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కొన్నాళ్లు బండి ఎగురుతుంది. ఆ తర్వాత సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. “టర్బో ఆయిల్ కక్కుతుంది” అంటాడు మెకానిక్.

అంకెలు చేతికొచ్చాక చూడాల్సింది కంప్రెసర్ మ్యాప్. మంచి తయారీదారు ప్రతి టర్బోకూ ఒకటి ముద్రిస్తాడు. అడ్డంగా గాలి బరువు, నిలువుగా ఎన్ని రెట్ల ఒత్తిడి అనేది. మధ్యలో గుట్ట మ్యాపులో ఎత్తు గీతలు గీసినట్టు ఒకదానిలో ఒకటి ఒదిగిన చుట్లు ఉంటాయి. నడిమి చుట్టులో టర్బో పనితనం నూటికి 75 పాళ్ల వరకు ఉంటుంది, అంచులకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఎడమ పక్కన ఒక గీత ఉంటుంది, దాన్ని దాటకూడదు. గాలి చాలనప్పుడు టర్బో తోసిన గాలే వెనక్కి తన్నుతుంది, బుస్ బుస్ మని కొడుతుంది. ఇరుసు బేరింగులను అది నెలల్లో నమిలేస్తుంది. కుడి అంచు దాటితే చక్రం ఎంత తిరిగినా గాలి పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది.

మన ఇంజన్‌కు రెండు చుక్కలు పెట్టాలి. మలుపులోంచి బయటపడేటప్పుడు ఉండే 2500 ఆర్‌పీఎం దగ్గర 2.4 రెట్ల ఒత్తిడి కోరితే నిమిషానికి 3.3 కిలోల గాలి. 4000 దగ్గర 2.85 రెట్లు, 6.1 కిలోలు. ఈ రెండు చుక్కల మధ్య గీత గీస్తే అది నడిమి చుట్ల మీదుగా పోవాలి. లారీ టర్బో మ్యాపులో మొదటి చుక్క ఎడమ గీతకు అవతల పడుతుంది. అసలు అంత పెద్ద పొగ చక్రాన్ని లేపడానికి లీటరుంబావు ఇంజన్ దగ్గర పొగే చాలదు. 4000 వచ్చేదాకా లేవదు, లేచేసరికి మలుపు అయిపోతుంది, మళ్లీ బ్రేకు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, బాగా చదువుకున్నవాళ్లు కూడా బోల్తా పడేచోటు. ఆ మ్యాపు ముద్రించేవాడు సముద్ర మట్టం ఒత్తిడికి, 25 డిగ్రీల దరిదాపు ఉష్ణోగ్రతకు సరిచేసి ముద్రిస్తాడు. మన గాలి అలాంటిది కాదు. నల్గొండ ఎండలో 6.1 కిలోలు పోవాలంటే మ్యాపు మీద చుక్క పెట్టాల్సింది 6.1 దగ్గర కాదు, 6.9 దగ్గర. 3.3 బదులు 3.7 దగ్గర. రెండు చుక్కలూ కుడివైపు జరిగాయి. చెన్నైలో వాడినవాడు చెప్పాడని అతి చిన్న టర్బో కొంటే మన ఎండల్లో కుడి అంచు మీద నడుస్తుంది. పెద్దది వద్దని ఇందాక చెప్పుకున్నాం. మరీ చిన్నదీ వద్దన్నమాట, మన ఎండకు ఒక్క మెట్టు పైది చాలు.

గాలి చక్రం అయ్యాక పొగ చక్రం ఇల్లు. నత్తగుల్ల ఆకారంలో ఉండే ఆ పోత ఇనుప హౌసింగ్ మీద ‘ఏ బై ఆర్’ అని ఒక అంకె పోసి ఉంటుంది. గుల్ల మూతి వైశాల్యానికీ, అది చక్రం నడిమి నుంచి ఉన్న దూరానికీ ఉండే నిష్పత్తి అది. అంకె చిన్నదైతే పొగ జోరుగా తగిలి టర్బో తొందరగా లేస్తుంది, పైన మాత్రం పొగ బయటికి పోలేక ఇంజన్‌కే ఎదురు తంతుంది. అంకె పెద్దదైతే దీనికి తలకిందులు. పెట్రోల్ ఇంజన్ 7000 దాకా ఉరుకుతుంది కాబట్టి అక్కడ బేరమాడవచ్చు. చిన్న డీజిల్ 4500 దగ్గర ఊపిరి వదిలేస్తుంది. దాని బతుకంతా 2000కూ 4500కూ మధ్యే. కాబట్టి చిన్న అంకె వైపే మొగ్గాలి, మిగిలిన పొగను వేస్ట్‌గేట్ తలుపులోంచి పంపించేయాలి. రెక్కల టర్బో దొరికి, దాన్ని నడిపే కంప్యూటర్ ఏర్పాటు కూడా కుదిరితే ఈ తగువే ఉండదు.

వేడి మాట చెప్పకుండా ఇది ముగియదు. 45 డిగ్రీల గాలిని 2.85 రెట్లు కుదిస్తే అది 200 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిని అలాగే లోపలికి పంపితే తోసిన కష్టమంతా వేడికే పోయినట్టు. అందుకే టర్బోకు పెట్టే డబ్బులో కొంత ఇంటర్‌కూలర్‌కు మిగల్చాలి. షెడ్డుల్లో చాలామంది చేసేది దీనికి రివర్స్. టర్బో కొత్తది, ఇంటర్‌కూలర్ ఏదో పాత బండిలోంచి పీకింది, దాని ముందు నంబర్ ప్లేటు, హారన్లు, ఫాగ్ లైట్లు.

దుమ్ము సంగతి మన జిల్లాలవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు రిగ్గు పక్కన గంట నిలబడినవాడి కనుబొమలు రాతిపొడితో తెల్లబడతాయి. వరి మిషన్ డ్రైవర్ పూటకోసారి దిగి రేడియేటర్ జాలీకి పట్టిన పొట్టు దులుపుతాడు. ఫిల్టర్ మూసుకుపోతే ఏమవుతుందో మన లెక్కలోనే చూడవచ్చు. గాలి పీల్చే దగ్గర ఇంకాస్త ఒత్తిడి పోయిందంటే 2.85 కాస్తా 3 అవుతుంది. ఏ భాగమూ మార్చకుండానే టర్బో మీద భారం పెరిగిపోయింది.

ఇలాంటి దుమ్మే ఒకప్పుడు ప్రపంచంలో పేరుమోసిన రేసులో ఒక డీజిల్ కారును దించేసింది. 1952లో అమెరికాలో ఇండియానాపొలిస్ 500 మైళ్ల రేసుకు కమిన్స్ కంపెనీ ఒక డీజిల్ కారు దింపింది. లారీల ఇంజన్ల కంపెనీ అది. 1931లోనే ఇదే రేసును మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తి చేసిన డీజిల్ కారు వాళ్లది. 1952 నాటి ఇంజన్ 6.6 లీటర్లు, ఆరు సిలిండర్లు. కారు ఎత్తు తగ్గాలని ఇంజన్‌ను దాదాపు పక్కకు పడుకోబెట్టారు. దానికి టర్బో పెట్టారు. ఆ రేసులో టర్బో పెట్టుకుని వచ్చిన మొదటి కారు అదే. ఫ్రెడ్ అగబాషియన్ నడిపాడు. అర్హత పరుగులో గంటకు 138.010 మైళ్ల సగటుతో, అంటే 222 కిలోమీటర్లతో, మిగతా కార్లన్నింటినీ వెనక్కి నెట్టి మొదటి స్థానంలో నిలబడ్డాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అసలు రేసులో 71 చుట్లు తిరిగాక కారు చల్లబడింది. విప్పి చూస్తే టర్బో గాలి పీల్చే మూతి కారు ముక్కు దగ్గర, నేలకు బాగా దగ్గరగా ఉంది. ముందు కార్ల టైర్ల నుంచి రాలిన రబ్బరు పొడి అందులో పేరుకుంది. గాలి ఆగింది, టర్బో ఆగింది, కారు ఆగింది. అన్ని లెక్కలూ సరిగ్గా వేసిన ఇంజనీర్లు పీల్చే మూతి ఎక్కడ పెట్టాలన్న దగ్గర దెబ్బతిన్నారు. రిగ్గుల మీద ఎయిర్ ఫిల్టర్ దుమ్ముకు దూరంగా ఎత్తున ఉండటం చూసిన మన డ్రైవర్ ఎవరైనా ఆ తప్పు ముందే పట్టేసేవాడేమో.

ఇంకో ఉదాహరణ మన చెరువు గట్టు మీదే ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక తీసిన జేసీబీలను ఊళ్లన్నీ చూశాయి. ఆ జేసీబీ కంపెనీ తన తవ్వకం మిషన్‌లో వాడే నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ల జంటతో ఒక పొడుగాటి కారు చేసింది. 2006 ఆగస్టు 23న అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 350.092 మైళ్ల వేగంతో డీజిల్ కార్ల ప్రపంచ రికార్డు కొట్టింది. మన లెక్కలో 563 కిలోమీటర్లు. నడిపింది ఆండీ గ్రీన్, 1997లో నేల మీద ధ్వని వేగం దాటినవాడు. మిషన్‌లో వంద హార్స్‌పవర్ అటూ ఇటూ ఇచ్చే ఆ ఇంజన్ ఇక్కడ 750 ఇచ్చింది. ఒక్క టర్బోతో కాదు, ఒకదాని గాలిని ఇంకొకటి అందుకుని కుదించే రెండంచెల ఏర్పాటుతో. బాన్‌విల్ మైదానం మన నల్గొండకు మూడింతల ఎత్తు, అక్కడి గాలి ఇంకా పలచన. అయినా ఆ కారుకు ఒక లోపం మిగిలిపోయింది. పెద్ద టర్బోలు, పెద్ద గేర్లు, మొదట్లో కదలలేదు. వెనక నుంచి జేసీబీ వాళ్ల ట్రాక్టరే దాన్ని తోసి, కాస్త వేగం అందించి వదిలిపెట్టేది. తిన్నగా పరుగెత్తే రికార్డు కారుకు అది చెల్లింది. మలుపు మలుపుకూ వెనక నుంచి తోసే ట్రాక్టరు సర్క్యూట్ రేసులో దొరకదు.

అదే 2006 జూన్‌లో ఫ్రాన్స్‌లో లె మాన్ 24 గంటల రేసును ఆడి ఆర్10 గెలిచింది. ఆ రేసును గెలిచిన మొదటి డీజిల్ కారు. దానికి పన్నెండు సిలిండర్లు, అయిదున్నర లీటర్లు, రెండు టర్బోలు. అయిదేళ్ల తర్వాత 2011లో అదే రేసును గెలిచిన ఆడి ఆర్18కు ఆరు సిలిండర్లు, 3.7 లీటర్లు, ఒకే ఒక్క టర్బో, అదీ రెక్కల రకం. నిబంధనలు మారడం వల్ల ఇంజన్ చిన్నదయింది, నిజమే. కానీ గెలవడానికి రెండు టర్బోలు ఉండి తీరాలన్న రూలేమీ లేదని తేలింది.

మన దేశంలోనూ చిన్న డీజిల్ ట్రాకెక్కింది. 2010లో ఫోక్స్‌వాగన్ పోలో కప్ మొదలైనప్పుడు కార్లన్నింటిలో 1.6 లీటర్ల టీడీఐ డీజిల్ ఇంజన్లే, 130 హార్స్‌పవర్. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాకు మీద డీజిల్ కార్లు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ పరుగెత్తడం మనవాళ్లకు కొత్త. 2012లో పెట్రోల్ ఇంజన్ వచ్చి డీజిల్‌ను పక్కకు నెట్టింది. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు జరిగినప్పుడు అసలు ఇంజనే లేదు, ఈల వేసింది మోటారు గేర్లు.

అయినా షెడ్డులో కుర్రాడి కోరిక చిన్నచూపు చూడాల్సినదేమీ కాదు. అతడి దగ్గర డబ్బు తక్కువ కాబట్టి పాత టర్బో కొంటాడు. కొనేటప్పుడు గాలి చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ, లోపలికీ బయటికీ కదిపి చూడాలి. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే ఫర్వాలేదు, నూనె పొర కోసం ఆ సందు ఉండాల్సిందే. లోపలికీ బయటికీ చేతికి తెలిసేలా కదిలితే, లేదా చక్రం రెక్కలు హౌసింగ్‌కు రాసుకున్న గీతలు కనబడితే వదిలేయాలి. రెక్క కొసల్లో గీర ఒక్కటున్నా చాలు, రెండు లక్షల చుట్ల దగ్గర అది ఇరుసును విసిరికొడుతుంది. కొత్త కోర్, అంటే ఇరుసూ చక్రాలూ ఉన్న నడిమి భాగం, వేసి బాగుచేసిందని అమ్మేవాడు చెబితే, మిషన్ మీద బ్యాలెన్స్ చేయించిన కాగితం అడగాలి. కాగితం లేకపోతే ధర సగమైనా కొనకూడదు.

బిగించాక నూనె పైపు కొత్తది వేయాలి. నూనె కిందికి దిగే పైపు వంకర తిరగకూడదు, పైకి ఎక్కకూడదు. రేసు అయిపోగానే ఇంజన్ చటుక్కున ఆపకూడదు, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో వదలాలి. ఎర్రగా కాలిన పొగ చక్రం పక్కన నూనె కదలకుండా ఉంటే మాడి బొగ్గవుతుంది. లారీ డ్రైవర్లు ఢాబా ముందు బండి ఆపి ఇంజన్ నడుస్తుండగానే దిగి నీళ్లు తాగుతారు చూడండి, అది బద్ధకం కాదు.

రేసు అంటే ట్రాకు మీదే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ అనుమతి లేకుండా రోడ్డు మీద బండ్ల పందేల్లో దిగడాన్ని నేరం అంటుంది, బండి స్వరూపాన్ని మార్చడం మీద 52వ సెక్షన్ ఉంది. హైవే మీద రాత్రిపూట చేసే పరీక్ష పరీక్ష కాదు. పైగా అక్కడ ఎంత పవర్ వచ్చిందో తేలదు. పవర్ కొలిచే డైనమోమీటర్ మీద పెట్టి, పొగ వేడి కొలిచే సెన్సర్ ఒకటి టర్బోకు ముందు బిగించి చూడాలి. సగటు చిన్న డీజిల్‌కు 750 డిగ్రీలు దాటి అదేపనిగా నడిపితే ఏదో ఒకటి దెబ్బతినే ప్రమాదం ఉంది, అది టర్బో అయినా పిస్టన్ అయినా.

మన కుర్రాడు చివరికి రేసుకు పోయేది తమిళనాడుకే. శ్రీపెరుంబుదూరు ట్రాకు దాదాపు సముద్ర మట్టం దగ్గర ఉంది, ఇక్కడ సరిపోయిన టర్బో అక్కడ ఇంకా హాయిగా ఊదుతుంది. కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వేకు పోతే మాత్రం ఆ సుఖం ఉండదు. కోయంబత్తూరు ఉన్నది ఇంచుమించు నల్గొండ ఎత్తులోనే.